చలిజ్వరం గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్

ఉగాదినాడు ఆయురారోగ్యాలు కోరుకోవడం మన ఆచారం. బొయిపరిగుడ ప్రాంతంలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఆరోగ్యమనగానే మొదట తలపుకు వచ్చేది చలిజ్వరం. 1936 వరకు విశాఖపట్టణం జిల్లాలో వుండిన యీ జయపురం మన్యానికి ఆ జ్వరం పాత చుట్టమే. దాని గుట్టును తెలంగాణాలోని సికింద్రాబాదులో విప్పిన సర్ రోనాల్డ్ రాస్ జీవితాన్ని యీ సంచికలో పాఠకుల ముందుంచుతున్నాము.

రాస్ 1857 మే 13న హిమాలయాలలోని అల్మోడాలో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉన్నతోద్యోగి. కుమారునికి కవిత్వం, సంగీతం, గణితం అంటే మక్కువ. అయినా తండ్రి కోరికపై వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు.

చిత్తడి నేలల చెడుగాలి వల్ల చలిజ్వరం వస్తుందని అప్పటి నమ్మకం. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగుల రక్తంలో ఒక సూక్ష్మజీవిని కనుగొన్నారు. రాస్ కూడా జ్వరపీడితుల రక్తాన్ని మైక్రోస్కోపు కింద వెదికారు. ఆయనకేమీ కనబడలేదు. కనబడనిది లేనేలేదని తలచి, జ్వరానికి మూలం పేగులలో వున్నదని వ్యాసాలు వ్రాశారు. ఆయనలో శ్రద్ధకు లోటు లేదు, తెలివికీ లోటు లేదు. ఏది వెదకవలెనో తెలియని కంటికి ఎదుటనున్నదీ కనబడదు.

1894లో సెలవుపై లండన్ వెళ్ళినపుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఆ జీవిని ఆయనకు చూపించారు. పదమూడేళ్ళ అనుభవమున్న రాస్ తన పాత మాటను పట్టుకు కూర్చోలేదు. మరుసటి ఏడు తిరిగివచ్చి, దోమకూ యీ జ్వరానికీ గల సంబంధాన్ని వెదకనారంభించారు. రెండేళ్ళపాటు కోసి చూసిన దోమలు వేరే జాతివి. దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేసుకోకుండా ఉక్కలో పనిచేశారు. చివరకు 1897 ఆగస్టు 20న, హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం త్రాగిన మచ్చల రెక్కల దోమ కడుపుగోడలో ఆ క్రిమి దొరికింది. 1898లో కలకత్తాలో పక్షులపై పరిశోధించి, దోమకాటుతోనే రోగం సంక్రమిస్తుందని నిరూపించారు. 1902లో నోబెల్ బహుమతి పొంది, 1932లో లండన్‌లో మరణించారు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం నేటికీ ఆయన పేరనే వున్నది.

అంతటివానినే తికమక పెట్టిన జ్వరమిది. టైఫాయిడు, డెంగూ, స్క్రబ్ టైఫస్ కూడా మొదట వొళ్ళు కాగడంతోనే వస్తాయి. మరొక చిక్కు, జ్వరం లేకుండానే క్రిమి రక్తంలో దాగివుండగలదు. అందుకే ఒడిశా ప్రభుత్వం 2017లో దమన్ పథకం ప్రారంభించి, మారుమూల పల్లెలలో జ్వరం లేనివారికి కూడా రక్తపరీక్ష చేయించింది. నేడు ఆశా కార్యకర్త వేలికొన నుండి చుక్క రక్తం తీసి, ఇరవై నిమిషాలలో ఫలితం చెప్పగలదు. ఆ ఫలితం కూడా కడపటి మాట కాదు. క్రిములు తక్కువగా వున్నపుడు ఒక పరీక్షకు అందకపోవచ్చు.

కనుక మన ఇళ్ళలో ఎవరికైనా జ్వరం వస్తే అంగడి మాత్రతో సరిపెట్టవద్దని మా మనవి. వెంటనే రక్తపరీక్ష చేయించండి. మలేరియా లేదని తేలినా జ్వరం తగ్గకపోతే మళ్ళీ పరీక్షకు వెళ్ళండి. మన్యంలో ప్రబలిన ఫాల్సిపారం మలేరియా పసిపిల్లలకు, గర్భిణులకు వ్యవధి ఇవ్వదు. ఒకసారి చూసి లేదనుకున్న దానిని తిరిగి చూడడానికి రాస్ సిగ్గుపడలేదు. మనకెందుకు సిగ్గు?