భానుమతి: సారీ చెప్పలేదు.. 'మిస్సమ్మ' వదులుకున్నారు!

ఇప్పటి ప్రకాశం జిల్లాలో, ఒంగోలుకు దగ్గర్లోని దొడ్డవరం.. భానుమతి 1925 సెప్టెంబర్ 7న పుట్టింది ఇక్కడే. నాన్న బొమ్మరాజు వెంకట సుబ్బయ్యే తొలి సంగీత గురువు. 1939లో 'వరవిక్రయం'తో తెరపైకి వచ్చేనాటికి పట్టుమని పద్నాలుగేళ్లు కూడా లేవు.

1943లో పి.ఎస్.రామకృష్ణారావును ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. ఇక సినిమాలు చాలనుకున్నారు. కానీ 1945లో 'స్వర్గసీమ' ఆమెను మళ్లీ లాక్కొచ్చి, స్టార్‌ను చేసింది. తర్వాత సొంతంగా భరణీ సంస్థ. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీల్లో డైరెక్ట్ చేశారు. హీరోయిన్, సింగర్ కూడా తనే!

అసలు కథ 'మిస్సమ్మ'ది. ఇందులో మొదటి హీరోయిన్ భానుమతే. కొంత షూటింగ్ కూడా అయింది. వరలక్ష్మీ వ్రతం చేసుకుని ఓ రోజు సెట్‌కు లేటుగా వెళ్లారు. నిర్మాత చక్రపాణి క్షమాపణ లెటర్ అడిగారు. తప్పు చేయలేదు కదా, ఎందుకు రాయాలన్నది ఆమె పట్టుదల. రాయలేదు, బయటికొచ్చేశారు. రెండో హీరోయిన్‌గా అనుకున్న సావిత్రికి ఆ పాత్ర దక్కింది. 1955లో రిలీజైన సినిమా సావిత్రి దశ తిప్పేసింది. నష్టం భానుమతికే అనుకోవచ్చు, అయినా ఆమె తగ్గే రకం కాదు.

'అత్తగారి కథలు'తో రచయిత్రిగానూ నవ్వించారు. 1966లో పద్మశ్రీ వచ్చింది. 2005 డిసెంబర్ 24న చెన్నైలో కన్నుమూశారు.