అయోనా జాలర్లకు పడవలు సమకూర్చిన సువార్తికుడు

వేసవి సెలవులు వచ్చాయంటే మన పల్నాడు సంఘాల్లో ఒక చర్చ మొదలవుతుంది. ఈసారి సండేస్కూలు పిల్లల్ని, యవ్వనస్థుల్ని ఎక్కడికి తీసుకెళ్దాం? నరసరావుపేటలో తెల్లవారుజామునే ప్రార్థన చేసుకుని బస్సెక్కితే గురజాల, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరవచ్చు. లాంచీలో నాగార్జునకొండకు వెళ్లి వచ్చి, ఎత్తిపోతల జలపాతం చూసుకుని రాత్రికి ఇంటికి చేరవచ్చు. తలకింత అని చందా వేసుకోవడం, బస్సు మాట్లాడడం, వంటసామాను సర్దుకోవడం మనకు అలవాటైన పనులే. ఇలా సామాన్యుల్ని కూడగట్టి, తక్కువ ఖర్చులో, దారి ముందే చూసి పెట్టుకుని, వెంట ఉండి నడిపించే యాత్రలకు ప్రపంచమంతటా పేరు తెచ్చినవాడు ఒక బాప్తిస్టు సువార్తికుడని మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు థామస్ కుక్.

కుక్ 1808 నవంబరు 22న ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో మెల్‌బోర్న్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పదేళ్లకు బడి మానేసి, కూరగాయల తోటలో కూలికి కుదిరారు. ఆ తరువాత బంధువు దగ్గర వడ్రంగం నేర్చుకున్నారు. 1826లో బాప్తిస్మం పొందారు. 1828లో పల్లెలు తిరిగే సువార్తికుడిగా సేవ మొదలుపెట్టారు. 1829 ఒక్క ఏడాదిలో ఆయన తిరిగింది 2,692 మైళ్లు. అందులో 2,106 మైళ్లు, అంటే దాదాపు 3,400 కిలోమీటర్లు, కాలినడకనే. సేవకు డబ్బు చాలనప్పుడు మళ్లీ వడ్రంగం పట్టుకున్నారు. 1833లో మారియన్‌ను పెళ్లి చేసుకున్నారు. మద్యం ముట్టనని ప్రమాణం చేసి, మద్యపాన వ్యతిరేక ఉద్యమంలో చేరారు.

ఆ రోజుల్లో ఇంగ్లండు కూలీలకు సెలవు దొరికితే వెళ్లడానికి సారాకొట్టు తప్ప మరో చోటు లేనట్టే ఉండేది. తాగవద్దని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. తాగని రోజున ఆ మనిషి తన భార్యాబిడ్డలతో ఎక్కడికి వెళ్లాలి? కుక్ ఆలోచన అక్కడ మొదలైంది. 1841 జూన్‌లో ఒక మద్యపాన వ్యతిరేక సభ కోసం మార్కెట్ హార్‌బరో నుంచి లెస్టర్‌కు నడిచి వెళ్తూ, కొత్తగా వచ్చిన రైలును ఈ పనికి వాడుకోవచ్చు కదా అనుకున్నారు. రైల్వే కంపెనీతో మాట్లాడారు. జూలై 5న లెస్టర్ నుంచి లాఫ్‌బరోకు సుమారు 500 మందిని తీసుకెళ్లారు. రానూపోనూ తలకు ఒక షిల్లింగు. పైకప్పు లేని పెట్టెలు, ముందు బ్యాండుమేళం, అక్కడ ఒక తోటలో టీ, ఆటలు, ప్రసంగాలు. దూరం ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. అయినా అందులో చాలామందికి అదే తొలి ప్రయాణం.

ఆ తరువాత ఆయన చూపు స్కాట్లండు మీద పడింది. వాల్టర్ స్కాట్ నవలలు చదివినవారికల్లా ఆ కొండలు, కోటలు, సముద్రపు ఒడ్డున ఉన్న పల్లెలు చూడాలని ఉండేది. చూడగలిగింది మాత్రం ధనవంతులే. కుక్ 1846లో లెస్టర్ నుంచి సుమారు 350 మందితో బయలుదేరారు. ఫ్లీట్‌వుడ్ రేవు దాకా రైలు, అక్కడి నుంచి ఆర్డ్రోసన్‌కు స్టీమరు, మళ్లీ రైల్లో గ్లాస్గో, ఎడిన్‌బరో. గ్లాస్గోలో బ్యాండుమేళంతో ఘనంగా స్వాగతం పలికారు. కానీ దారిలో ప్రయాణికులు పడిన అవస్థ అంతా ఇంతా కాదు. ఏర్పాటు చేస్తామన్న తిండి దొరకలేదు. మరుగుదొడ్డికి కూడా సరైన వీలు లేదు. స్టీమరులో అందరికీ గదులు చాలక చాలామంది రాత్రంతా డెక్కు మీద వానలో తడిశారు. అదే ఏడాది కుక్ దివాలా తీశారు.

చాలామంది అక్కడితో ఆ పని వదిలేసేవారే. ఆయన వదల్లేదు. జరిగిన తప్పుల నుంచి నేర్చుకున్నారు. ఏ రైలు ఎక్కడ ఆగుతుంది, స్టీమరులో ఎంతమందికి చోటుంది, రాత్రి ఎక్కడ పడుకోవాలి, భోజనం ఎవరు పెడతారు అన్నవి ముందే తేల్చుకునే పద్ధతి పెంచుకున్నారు. ప్రయాణికులకు దారి వివరాలతో చిన్న పుస్తకాలు అచ్చువేయించి ఇచ్చారు. ఏటా వేసవిలో తానే వెంట ఉండి వేలమందికి స్కాట్లండు చూపించారు. వెంట మగవాళ్లు లేకపోయినా ఆడవాళ్లు ధైర్యంగా ఆయన యాత్రలకు వచ్చేవారు.

ఆ యాత్రల్లో ఒక మజిలీ అయోనా. అది స్కాట్లండు పడమటి తీరంలో ఒక చిన్న దీవి. 563లో ఐర్లండు నుంచి కొలంబా అనే దైవజనుడు తన శిష్యులతో వచ్చి దిగింది అక్కడే. ఆ దీవిలోని మఠం నుంచే సువార్త స్కాట్లండు ఉత్తరాన ఎన్నో ప్రాంతాలకు వెళ్లింది. యాత్రికులు స్టీమరు దిగి, పాత దేవాలయపు రాళ్లు చూసి, తిరిగి స్టీమరెక్కేవారు. ఆ రాళ్ల పక్కనే బతుకుతున్న మనుషుల పరిస్థితి వేరు. 1846 నుంచి కొన్నేళ్లపాటు స్కాట్లండు కొండప్రాంతాల్లో, దీవుల్లో బంగాళదుంప పంటకు తెగులు పట్టి కరువు వచ్చింది. చుట్టూ సముద్రం, నిండా చేపలు. కానీ అయోనా పేదలకు మంచి పడవలు లేవు, వలలు లేవు.

కుక్ తన యాత్రికుల ముందు వారి సంగతి పెట్టారు. చందాలు అడిగారు. ఒక ఏడాది అడిగి ఊరుకోలేదు, వచ్చిన ప్రతి గుంపునూ అడిగారు. కొన్నేళ్లలో ఆ దీవి జాలర్లకు దాదాపు రెండు డజన్ల పడవలు, వలలు, సరంజామాతో సహా సమకూరాయి. చూడటానికి వచ్చినవారి డబ్బుతో అక్కడ బతుకుతున్నవారికి ఉపాధి దొరికింది. ఆయన జీవితంలో ఈ భాగం గురించి చెప్పుకునేవారు తక్కువ. మన సంఘాలు తెలుసుకోవలసింది మాత్రం ఇదే.

1862లో స్కాట్లండు రైల్వే కంపెనీలు ఆయనకు రాయితీ టిక్కెట్లు ఇవ్వడం మానేశాయి. ఆయన మరుసటి ఏడాదే స్విట్జర్లండుకు దారి వేశారు. 1869లో తొలిసారి ఒక బృందాన్ని ఐగుప్తుకు, పరిశుద్ధ దేశానికి నడిపించారు. బైబిల్లో చదివిన ఊళ్లను సామాన్య విశ్వాసి కళ్లారా చూసే రోజు అలా వచ్చింది. 1872-73లో 222 రోజులపాటు భూగోళం చుట్టి వచ్చారు. ఆ దారిలో మన దేశం మీదుగా కూడా వెళ్లారు.

ఆయన చివరి రోజులు సుఖంగా గడవలేదు. వ్యాపారంలో సేవను కలపడం కొడుకు జాన్ మేసన్‌కు నచ్చలేదు. తండ్రీకొడుకుల మధ్య తగవు పెరిగి, 1870ల చివర్లో ఆయన పక్కకు తప్పుకోవలసి వచ్చింది. తప్పంతా ఒక్కరిదే అనలేం. లెక్కల్లో కొడుకు గట్టివాడు. కంపెనీని పెద్దది చేసింది అతనే. 1880లో కూతురు ఆనీ ఇంట్లో స్నానాలగది గ్యాసు పొగకు స్పృహ తప్పి నీళ్లలో మునిగి చనిపోయింది. నాలుగేళ్లకు భార్య పోయారు. కళ్లు కూడా కనబడకుండా పోయాయి. అయినా పుట్టిన ఊరిని ఆయన మరువలేదు. మెల్‌బోర్న్‌లో పేదల కోసం చిన్న ఇళ్ల వరుస, ఒక ప్రార్థనామందిరం కట్టించారు. 1892 జూలై 18న ప్రభువు నందు నిద్రించారు. ఆయన పేరుతో నడిచిన కంపెనీ 2019లో మూతపడింది. అయోనాకు యాత్రికులు వెళ్తూనే ఉన్నారు.

కుక్ తొలి రైలు యాత్ర జరిగిన మరుసటి ఏడాది, 1842లో, ఫాదర్ హెయ్యర్ గుంటూరు చేరారు. 1849లో గురజాల వచ్చి పల్నాటి పల్లెల్లో సేవ చేశారు. నాగార్జునకొండకు వెళ్లే మన బస్సు ఆ గురజాల మీదుగానే పోతుంది. కిటికీలోంచి చూసి దాటిపోకుండా, ఒక అరగంట అక్కడ ఆగి, ఆ దైవజనుడి కథ పిల్లలకు చెప్పవచ్చు. అందుకు పెద్దలొకరు వారం ముందే వెళ్లి దారి చూసి రావాలి. లాంచీ వేళలు, తాగునీరు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, ముసలివాళ్లు ఎక్కవలసిన మెట్లు, అన్నీ. వానలో తడిసినవారిని చూశాక కుక్ నేర్చుకున్నది మనం ముందే నేర్చుకోవచ్చు. చందా కట్టలేని కుటుంబం ఏదో తెలుసుకుని, నలుగురిలో పేరెత్తకుండా వారి వంతు కట్టడం కూడా ఆ పెద్దల పనే.

విజయపురి సౌత్ ఒడ్డున పుట్టి మీద వెళ్లి వల వేసుకుని బతికే కుటుంబాలు ఉన్నాయి. మనం లాంచీలోంచి వాళ్లను చూస్తాం, ఫోటో తీసుకుంటాం, కొండ దగ్గర దిగిపోతాం. ఈ వేసవిలో చందాల పుస్తకంలో బస్సు కిరాయి, లాంచీ టిక్కెట్టు, భోజనం అని రాసుకున్నాక, కింద ఇంకొక వరుస రాద్దాం. ఆ ఒడ్డున ఒక కుటుంబానికి ఒక వల. ధర ఎంతో, ఎలాంటి వల కావాలో ముందుగా దారి చూడటానికి వెళ్లిన పెద్దలే వారిని అడిగి తెలుసుకుని రావాలి.