జీతం రాళ్ల మీద నిలబడ్డ పద్యం: జాషువా బతుకు చెప్పే పాఠం

రెజిమెంటల్ బజార్ అనే పేరులోనే ఉద్యోగం వాసన ఉంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పటాలాల అవసరాల చుట్టూ పెరిగిన బజారు అది. కూతవేటు దూరంలో రైల్వే స్టేషన్. ఊళ్లో వెట్టి తప్ప మరో దారి లేని దళిత కుటుంబాలకు పటాలం, రైల్వే అంటే నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం. ఏ దొర ముందూ చెయ్యి చాపనక్కర్లేని బతుకు. ఇవాళ కూడా ఇలాంటి బజార్ల ఇరుకు గదుల్లో రైల్వే పరీక్షల పుస్తకం కింద పాటల నోటుబుక్కు దాచుకున్న పిల్లలు ఉంటారు. ఉద్యోగంలో చేరితే తమలోని కవికి ద్రోహం చేసినట్టేనా అన్నది వాళ్లను తినేసే ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే గుర్రం జాషువా జీతాల కథ చదవాలి. ఆయన కవిత్వం గురించి చాలా రాశారు. ఆయన ఏం పని చేసి ఇల్లు నడిపాడన్నది మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తారు.

జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టాడు. తల్లి లింగమాంబ మాదిగ, తండ్రి వీరయ్య యాదవుడు. కులాంతర పెళ్లి వల్ల ఆ ఇల్లు రెండు వైపులా వెలినే చూసింది. 1910లో, ఇంకా మీసం రాని వయసులోనే, పెళ్లయింది. ఆ తర్వాత మిషన్ బడిలో పంతులు పని. నెలకు 3 రూపాయలు. ఆ పనీ నిలవలేదు.

1915 ప్రాంతంలో రాజమండ్రి చేరాడు. అవి సినిమాకు మాట రాని రోజులు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథనూ సంభాషణలనూ జనానికి చదివి వినిపించే వాచకుడి పని దొరికింది. బహుశా ఇవాళ్టి కుర్రాడికి ఇది కలల ఉద్యోగంలా కనిపించొచ్చు. గొంతు ఉంది, భాష ఉంది, ఎదురుగా జనం ఉన్నారు. కానీ అది కుటుంబాన్ని నిలబెట్టే పని కాదు. జాషువా మళ్లీ సుద్దముక్క పట్టుకున్నాడు. గుంటూరులో లూథరన్ చర్చి వాళ్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో 10 ఏళ్లు పనిచేశాడు. 1928 నుంచి 1942 దాకా గుంటూరులోనే తెలుగు పండితుడు.

పైకి చూస్తే ఇది కళను వదిలి ఉద్యోగం పట్టుకున్న కథ. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. గజనీ సుల్తాను బంగారు నాణేలిస్తానని ఆశపెట్టి వెండి నాణేలు చేతిలో పెట్టగా మోసపోయిన పారశీక కవి కథ ‘ఫిరదౌసి’ వచ్చింది ఈ పంతులు ఉద్యోగం చేస్తున్నప్పుడే. ‘గబ్బిలం’ వచ్చింది 1941లో, అదీ ఈ ఉద్యోగంలో ఉండగానే. కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురంపాడు. జాషువా కావ్యంలో తంజావూరు అంటరాని పేదవాడు తన ఆకలినీ అవమానాన్నీ కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో చెప్పి పంపాడు. అతడికి గుడిలోకి రానివ్వరు, గబ్బిలాన్ని ఆపేవాళ్లు లేరు.

పోషించే రాజును నమ్ముకున్న కవి ఏమవుతాడో ఫిరదౌసి కథ చెబుతుంది. ఆ కథ రాసిన కవి పొయ్యి మీద కుండ మాత్రం ఏ జమీందారు దయ మీదా ఆధారపడలేదు. పంతులు జీతం చిన్నదే. కానీ కులాన్ని నిలదీసే కావ్యం రాయడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేని చోటును అది ఇచ్చింది.

అలాగని ఉద్యోగం ఉచితంగా ఏమీ ఇవ్వదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జాషువా యుద్ధ ప్రచారకుడిగా పనిచేశాడు. అంటే తన మాటను తెల్ల ప్రభుత్వ యుద్ధానికి అరువిచ్చాడు. ఆ తర్వాత ఆయనే నేతాజీ మీద, బాపూజీ మీద కావ్యాలు రాశాడు. దీన్ని దాచనక్కర్లేదు, తప్పుబట్టడానికి తొందరపడనూ అక్కర్లేదు. ఆస్తీ అండా లేని ఇంట్లో జీతం ఏం అడుగుతుందో తెలుసుకుంటే చాలు.

జీతం అవమానాన్నీ ఆపలేదు. పండితుల సభల్లో ఆయన పద్యం కంటే ముందు కులమే అడిగారు. హిందూ పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవ సంఘమూ దూరం పెట్టింది. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గండపెండేరం తొడిగింది చాలా పోరాటం తర్వాతే. 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశాడు. అప్పటికి 60 ఏళ్లు దాటాయి. 1964లో శాసనమండలి సభ్యత్వం, ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశాడు.

అంబేడ్కర్ కూడా 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరి, ఆ జీతంలో దాచుకుని 1920లో లండన్ చదువుకు తిరిగి వెళ్లాడు. మన పెద్దలకు ఉద్యోగం గమ్యం కాదు, కాలు మోపే నేల. తాతల ఆస్తి ఉన్నవాడు ఉద్యోగం మానేసి కవి అయితే దాన్ని సాహసం అంటారు. మన ఇంట్లో అదే పని చేస్తే అమ్మ మళ్లీ కూలికి వెళ్లాలి. ఈ తేడా చెప్పకుండా కలల వెంట పరుగెత్తమని పాఠాలు చెప్పేవాళ్లను నమ్మొద్దు.

ఇప్పుడు ముప్పు ఇంకోటి. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పేరుతో పర్మినెంట్ ఉద్యోగాలు కరిగిపోతున్నాయి. వాటితోపాటు రిజర్వేషన్లూ జారిపోతున్నాయి. ఆ పోస్టుల కోసం చేసే పోరాటం అన్నం కోసం మాత్రమే అనుకోకండి. రేపటి ‘గబ్బిలం’ రాయబోయే వాళ్లకు కాస్త తీరిక, కాస్త ధైర్యం మిగలడం కోసం కూడా. రెజిమెంటల్ బజార్ గదిలో కూర్చున్న తమ్ముడూ, చెల్లీ, రైల్వే పరీక్షకు దరఖాస్తు పెట్టండి. నోటుబుక్కు మాత్రం పారేయకండి.