కొలిమి కార్మికుడు జేమ్స్ డేవిస్

వేల్సు దేశమున ట్రెడెగర్ అను పట్టణము కలదు. బొగ్గు గనులకును, ఇనుప కార్ఖానాలకును అది ఒకప్పుడు నెలవై యుండెను. 1873వ సంవత్సరము అక్టోబరు 27వ తేదీన జేమ్స్ జాన్ డేవిస్ అచట జన్మించెను. తండ్రి ఇనుము కాచు పనివాడు. రెక్కాడినగాని డొక్కాడని సంసారము. 1881లో ఆ కుటుంబము బ్రదుకుతెరువు వెదకికొనుచు సముద్రము దాటి అమెరికా చేరి, పెన్సిల్వేనియా రాష్ట్రమున షారన్ అను ఊర నిలిచెను.

పదునొకండేండ్ల ప్రాయముననే జేమ్స్ కార్ఖానాలో పనికి కుదిరెను. అచటి పని సామాన్యమైనది కాదు. కొలిమిలో దుక్క యినుము కరగి కుతకుత ఉడుకుచుండగా, పనివాడు ఆ వేడిమి కెదురుగా నిలిచి పొడవైన కడ్డీతో దానిని ఎడతెగక కలియబెట్టవలెను. మలినములు కాలిపోయిన కొలది లోహము చిక్కబడును. అపుడు దానిని ఇన్నూరేసి పౌనుల బరువుగల ఉండలుగా చేసి పెద్ద పట్టుకారుతో వెలికి దీయవలెను. ఒక్క నిమిషము ఏమరినను సరకు చెడును. తయారైన ఇనుము బరువునుబట్టి కూలి లభించును గనుక, సరకు చెడిన కూలియు చెడినట్లే. కష్టమునకును కూలికిని గల సంబంధమును జేమ్స్ పుస్తకములవలన గాక చెమటవలన నేర్చుకొనెను.

యౌవనమున పని కరవై అతడు దక్షిణ రాష్ట్రములకు పోయెను. అచట కూలివాండ్రను నిర్బంధించి పనిచేయించు ఒక శిబిరమున చిక్కుకొనెను. అట్టి శిబిరములలో పనికి తగిన సొమ్ము చేతికి రాదు; విడిచిపోవుటకు వీలు లేదు. దానినుండి ఎట్లో బయటపడిన జేమ్స్, 1922లో ప్రకటించిన స్వీయచరిత్రలో ఆ సంగతి వ్రాసికొనెను.

1893లో అతడు ఇండియానా రాష్ట్రములోని ఎల్వుడ్ పట్టణము చేరి రేకుల కార్ఖానాలో పనిచేయుచు, కార్మిక సంఘమున పదవులు వహించెను. 1898లో పట్టణ కార్యాలయమున గుమాస్తాగా ఎన్నికయ్యెను. పిదప మూస్ అను సహాయ సంఘమున చేరి, కొలదిమంది సభ్యులతో కొనయూపిరితో నున్న దానిని లక్షలమంది సంఘముగా పెంచెను. మరణించిన సభ్యుల బిడ్డలకొరకు 1913లో ఇల్లినాయిస్ రాష్ట్రమున మూస్‌హార్ట్ అను విద్యాలయము వెలసెను. 1921లో డేవిస్ అమెరికా దేశమునకు కార్మిక మంత్రి అయ్యెను. హార్డింగ్, కూలిడ్జ్, హూవర్ అను మువ్వురు అధ్యక్షుల కొలువులో 1930 వరకు ఆ పదవియందుండెను. ఉక్కు కార్ఖానాలలో పండ్రెండు గంటల పనిదినము 1923లో సడలుట ఈతని కాలముననే జరిగినది. పొట్ట చేతబట్టుకొని వలస వచ్చినవాడైయుండియు, మంత్రియైన పిమ్మట వలసలను అరికట్టవలెనని వాదించుట ఈతని చరిత్రలో మింగుడుపడని భాగము.

ఇక ఈతని పేరు నిలిపిన కార్యము. ప్రభుత్వము ఒక భవనము కట్టింపదలచినపుడు టెండర్లు పిలుచును. తక్కువ మొత్తము కోరిన కంట్రాక్టరునకు పని దక్కును. ఇటుకల ధర, ఇనుము ధర అందరికి ఇంచుమించు ఒక్కటే. ఇక తగ్గింపదగినది కూలి ఒక్కటియే. 1927లో న్యూయార్కు చెంత లాంగ్ ఐలండున మాజీ సైనికులకొరకు ఆసుపత్రి కట్టవలసివచ్చెను. అలబామానుండి వచ్చిన కంట్రాక్టరొకడు ఆ పనిని పాడుకొని, తనవెంట దూరమునుండి పనివాండ్రను తెచ్చి, పాకలలో కుక్కి, స్వల్పమైన కూలికి పనిచేయించెను. స్థానికులైన మేస్త్రీలు పనిలేక చూచుచు నిలువవలసివచ్చెను. ఆ ప్రాంతపు ప్రతినిధి రాబర్ట్ బేకన్ నాటినుండి నాలుగేండ్లపాటు ప్రతినిధుల సభలో బిల్లు వెంట బిల్లు ప్రవేశపెట్టెను. ఏదియు నెగ్గలేదు.

1929లో ఆర్థికమాంద్యము వచ్చిపడెను. పనియిచ్చువారిలో ప్రభుత్వమే పెద్దదయ్యెను. 1930 డిసెంబరులో సెనేటు సభ్యుడైన డేవిస్ అక్కడ బిల్లును చేపట్టగా, ఇక్కడ బేకన్ నిలిచెను. 1931 మార్చి 3వ తేదీన అధ్యక్షుడు హూవర్ సంతకము చేయగా అది డేవిస్-బేకన్ చట్టమయ్యెను. అయిదువేల డాలర్లకు మించిన కేంద్రప్రభుత్వ భవన నిర్మాణములందు, పని జరుగు తావున వాడుకలోనున్న కూలికి తగ్గకుండ ఈయవలెననుట దాని సారము. ఈ చట్టమును అందరును ఒకే చూపుతో చూడలేదు. దక్షిణమునుండి వచ్చిన పనివాండ్రలో నల్లజాతివారు పెక్కురు. సభలో కొందరి మాటలలో జాతిద్వేషము తొంగిచూచెను. కార్మిక సంఘములు అనేకము నల్లవారిని చేర్చుకొనని రోజులవి. కావున ఈ రక్షణ వారిని పనికి దూరము చేసినదని విమర్శ కలదు.

చట్టమునందు లోపములును ఉండెను. ఎంత కూలి ఈయవలెనో టెండరులో ముందుగా తెలుపు ఏర్పాటు లేదు. తగవు వచ్చిన పిదప తేల్చుకొనవలెను. కొందరు కంట్రాక్టర్లు శనివారము పూర్తి కూలి చెల్లించి, చాటుగా అందులో కొంత తిరిగి గుంజుకొనుచుండిరి. దీనిని నేరముగా నెంచుచు 1934లో కోప్లండ్ చట్టము వచ్చెను. 1935లో మూలచట్టమును సవరించిరి. రెండువేల డాలర్లు దాటిన ప్రతి పనికి కూలిరేట్లు ముందే నిర్ణయింపబడవలెను. వారమున కొకసారి కూలి చెల్లింపవలెను. కంట్రాక్టరు ఎగవేసినచో, ప్రభుత్వము అతనికీయవలసిన సొమ్ము ఆపి పనివానికి ముట్టజెప్పును. తప్పుచేసినవానికి మూడేండ్లు ప్రభుత్వపు పనులు దక్కవు. కూలిరేట్ల పట్టికను పనిచోట అందరికి కనబడునట్లు అంటింపవలెను. నేటికిని ఆ రెండువేల హద్దు మారలేదు.

డేవిస్ 1945 వరకు సెనేటు సభ్యుడుగా నుండెను. 1947 నవంబరు 22వ తేదీన మేరీలాండు రాష్ట్రమున మరణించెను. కొలిమి పొగల నడుమ పెరిగిన పెన్సిల్వేనియాలోనే, పిట్స్‌బర్గు నగరమున ఆతని సమాధి యున్నది.