మేఘనాద్ సాహా: కిరాణా కొట్టు నుంచి నక్షత్రాల గుట్టు దాకా.. ఒక్క సమీకరణంతో ఆకాశాన్ని చదివిన శాస్త్రవేత్త

నక్షత్రాల వెలుగులో కనిపించే సన్నటి గీతలు.. అవేంటో తెలుసు కానీ, కొన్ని నక్షత్రాల్లో కొన్ని గీతలే ఎందుకు కనిపిస్తాయో వందేళ్ల కిందటి వరకు ఎవరికీ అంతుపట్టలేదు. 1920లో ఆ చిక్కుముడి విప్పింది ఓ పల్లెటూరి కిరాణా వ్యాపారి కొడుకు. ఆయనే మేఘనాద్ సాహా. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లు కూడా నిండలేదు.

పశువుల పని చేస్తూ చదువు

ప్రస్తుతం బంగ్లాదేశ్‌లో ఉన్న ఢాకా దగ్గరి శావరాతలి గ్రామంలో 1893 అక్టోబర్ 6న సాహా పుట్టారు. తండ్రి జగన్నాథ్ సాహాకు చిన్న కిరాణా కొట్టు. ఎనిమిది మంది పిల్లల్లో సాహా ఐదోవారు. పై చదువుకు పంపే స్తోమత ఇంట్లో లేదు. పక్క ఊళ్లో అనంత కుమార్ దాస్ అనే వైద్యుడు తన ఇంట్లో ఉండనిచ్చారు. అక్కడ ఆవును చూసుకుంటూ, ఇంటి పనులు చేస్తూ బడికి వెళ్లారు. స్కాలర్‌షిప్ తెచ్చుకుని ఢాకాలో చేరారు. 1905లో బెంగాల్ విభజనపై ఆందోళనలు మొదలయ్యాయి. గవర్నర్ పర్యటనకు నిరసన తెలిపినందుకు ఆయన్ను స్కూల్ నుంచి పంపేశారు. స్కాలర్‌షిప్ కూడా పోయింది. అయినా చదువు ఆపలేదు.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి వచ్చారు. జగదీశ్ చంద్రబోస్, ప్రఫుల్ల చంద్ర రే గురువులు. సత్యేంద్రనాథ్ బోస్ క్లాస్‌మేట్. కానీ హాస్టల్‌లో కులం పేరుతో విడిగా కూర్చుని తినాల్సిన అవమానం తప్పలేదు.

అసలు ఆయన కనిపెట్టిందేంటి?

పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోవడమే అయనీకరణం. వేడి పెరిగే కొద్దీ ఇది పెరుగుతుందని అప్పటికే తెలుసు. అయితే సూర్యుడి వర్ణావరణంలో ఓ వింత కనిపించేది. ఎలక్ట్రాన్ కోల్పోయిన కాల్షియం గీతలు బాగా ఎత్తులో కూడా బలంగా కనిపించేవి. మామూలు కాల్షియం మాత్రం కింది పొరలకే పరిమితం. పైకి వెళ్తే వేడి తగ్గాలి కదా, మరి అక్కడే ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఎందుకు ఊడుతున్నాయి?

వేడి ఒక్కటే చూస్తే సరిపోదు, పీడనం కూడా చూడాలన్నది సాహా జవాబు. నిండు సంతలో తప్పిపోయినోడికి ఎవరో ఒకరు ఎదురవుతారు. నిర్జన ప్రదేశంలో ఎవరూ దొరకరు. పలచటి వాయువులో ఎలక్ట్రాన్ పరిస్థితీ అంతే. ఒకసారి విడిపోతే మళ్లీ జత దొరకడం కష్టం. ఈ లెక్కనే ఆయన సమీకరణంగా రాశారు. 1925లో సిసిలియా పేన్ దీని ఆధారంగానే నక్షత్రాల్లో అత్యధికంగా ఉన్నవి హైడ్రోజన్, హీలియం అని తేల్చారు.

డబ్బుల్లేక ఆగిన వ్యాసం

వెలుగు కూడా పరమాణువులను నెడుతుందనే అంశంపై సాహా అంతకుముందే పనిచేశారు. ఆ వ్యాసాన్ని అమెరికాలోని ఓ ప్రముఖ జర్నల్‌కు పంపితే, ముద్రణ ఖర్చులో కొంత భరించాలన్నారు. ఆ స్తోమత ఆయనకు లేదు. దాంతో పూర్తి వ్యాసం అక్కడ రాలేదు. చివరికి కలకత్తా యూనివర్సిటీ పత్రికలో అచ్చయింది. దాన్ని చూసింది కొద్దిమందే.

నక్షత్రాల మధ్య లెక్క వేరు

సాహా సమీకరణం చక్కగా పనిచేయాలంటే వాయువు ఉష్ణ సమతౌల్యంలో ఉండాలి. నక్షత్రాల మధ్య ఖాళీలో అలా ఉండదు. అక్కడ చాలాచోట్ల ఘనపు సెంటీమీటరుకు ఒక పరమాణువు ఉంటే గొప్ప. అవి ఢీకొనడమే అరుదు. అందుకే వేడి నక్షత్రాల అతినీలలోహిత కిరణాలే ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఇలా ఏర్పడే అయనీకృత హైడ్రోజన్ గోళాల లెక్కను 1939లో బెంట్ స్ట్రోమ్‌గ్రెన్ వేశారు.

దీనికి వాయువులోని అల్లకల్లోలం తోడైతే కథ మారిపోతుంది. సుడులు, అఘాత తరంగాల వల్ల వాయువు ఒకచోట ముద్దకడుతుంది, మరోచోట పలచబడుతుంది. సాంద్రత రెట్టింపైతే ఎలక్ట్రాన్లు తిరిగి కలిసే వేగం దాదాపు నాలుగు రెట్లవుతుంది. దాంతో దట్టమైన చోట మామూలు పరమాణువులు నిలుస్తాయి, పలచటి దారుల గుండా కిరణాలు దూరంగా పోతాయి. గెలాక్సీల మధ్య వాయువుకూ ఇదే సూత్రం. మహా విస్ఫోటం తర్వాత సుమారు 3.8 లక్షల ఏళ్లకు తొలి పరమాణువులు ఏర్పడిన దశకు మాత్రం తొలి అంచనా ఇప్పటికీ సాహా సమీకరణంతోనే వేస్తారు.

ల్యాబ్ నుంచి లోక్‌సభకు

1927లో సాహా రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. నోబెల్‌కు పలుమార్లు నామినేట్ అయినా బహుమతి రాలేదు. అలహాబాద్‌లో 15 ఏళ్లు పాఠాలు చెప్పి, 1938లో కలకత్తాకు తిరిగొచ్చారు. అణు భౌతిక శాస్త్ర సంస్థను స్థాపించారు. ఇప్పుడది ఆయన పేరుతోనే ఉంది. చిన్నప్పుడు వరదలు చూసిన మనిషి కావడంతో దామోదర్ నది వరదల నివారణపై పట్టుబట్టి రాశారు. 1952లో కలకత్తా నుంచి లోక్‌సభకు గెలిచారు. జాతీయ పంచాంగం కోసం వేసిన కమిటీకి నేతృత్వం వహించారు. ఆ శక క్యాలెండర్ 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది.

అది చూడటానికి ఆయన లేరు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళ్తూ దారిలోనే గుండెపోటుతో కుప్పకూలారు. వయసు 62 ఏళ్లు. చంద్రుడిపై ఓ బిలానికి ఇప్పుడు సాహా పేరుంది. నక్షత్రాల వెలుగును చదవడం నేర్చుకునే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ ఆయన సమీకరణంతోనే మొదలుపెడతారు.