పానా పట్టిన ప్రిన్సిపాలు: జి.డి. నాయుడు

శంషాబాదులో 2008లో విమానాశ్రయం తెరిచారు. దానికి కొద్ది దూరంలోనే, శ్రీశైలం వెళ్లే రోడ్డు మీద మన కందుకూరు ఉంది. పైన విమానాలు ఎన్ని ఎగిరినా, కింద పొలం పని ట్రాక్టరుతోనే జరగాలి, సరుకు లారీలోనే వెళ్లాలి. బండి పాతబడిందని పారేసి కొత్తది కొనే స్తోమత చాలామంది రైతులకు లేదు. అందుకని రేకుల షెడ్డులో ఇంజను దింపి, రింగులు మార్చి, బోరు చేయించి, విరిగిన కమాన్లు కట్టించి మళ్లీ రోడ్డెక్కించే మెకానిక్కు ఎప్పుడూ కావాలి. అయినా అతణ్ణి విద్యావంతుడని మనలో ఎవరం అనం. చేతికి గ్రీజు అంటినవాడిది ఒక జాతి, చేతిలో పట్టా ఉన్నవాడిది మరొక జాతి అన్నట్టు మాట్లాడుతుంటాం. ఈ రెండు జాతుల మధ్య గోడకు తన జీవితంతోనే గండి కొట్టిన తెలుగు బిడ్డ ఒకాయన ఉన్నారు. ఆయన పుట్టింది మన రాష్ట్రంలో కాదు, కోయంబత్తూరు జిల్లాలో. పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి ఆయన జి.డి. నాయుడు.

తరతరాల కిందట తమిళ దేశంలో స్థిరపడి, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే రైతు కుటుంబాలు కోయంబత్తూరు ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. అటువంటి ఒక కుటుంబంలో, కలంగల్ అనే పల్లెలో, 1893 మార్చి 23న నాయుడుగారు జన్మించారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. బడి ఆయనకు సరిపడలేదు. ప్రాథమిక తరగతుల్లోనే చదువుకు స్వస్తి చెప్పి పొలం పనిలో పడ్డారు. అప్పటికి ఊళ్లో వాళ్లు ఆయన గురించి పెద్ద ఆశలు పెట్టుకొని ఉండరు.

ఇరవై ఏళ్ల వయసు ప్రాంతంలో ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి ఎక్కివచ్చిన రడ్జ్ మోటారు సైకిలు ఆయన కంటబడింది. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా బండి కదలడం ఆ పల్లెటూరి యువకుడికి నిద్ర లేకుండా చేసింది. ఎలాగైనా దాన్ని సంపాదించాలని కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా చేరారు. పైసా పైసా కూడబెట్టి చివరకు ఆ బండినే కొన్నారు. కొన్నవాడు ఊరంతా తిరిగి చూపించుకోవాలి కదా! ఈయన మాత్రం దాన్ని మరకు మర విప్పి, ప్రతి భాగాన్నీ పరీక్షించి, తిరిగి బిగించారు. ఆయన చదివిన మొదటి ఇంజనీరింగు పుస్తకం అదే అనుకోవచ్చు. దాంట్లో అక్షరాలు లేవు, బోల్టులూ నట్లూ ఉన్నాయి.

తర్వాత పత్తి వ్యాపారంలో దిగి కొంత గడించారు. బొంబాయి వెళ్లి అదే వ్యాపారంలో నష్టపోయి తిరిగి వచ్చారు. అప్పుడు కోయంబత్తూరులో వ్యాపారం చేస్తున్న రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయుడు ఆయనలోని పట్టుదలను గుర్తించి అండగా నిలిచాడు. 1920లో నాయుడుగారు ఒక బస్సు కొని పొల్లాచి, పళని మధ్య తామే స్వయంగా నడపడం మొదలుపెట్టారు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా, అంటే యు.ఎం.ఎస్.గా పెరిగింది. 1933 నాటికి ఆ సంస్థ కింద 280 వాహనాలు ఉన్నాయి. మన హైదరాబాదులో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో మొదలైనప్పుడు దాని దగ్గర ఉన్నవి 27 బస్సులు, పనిచేసినవారు 166 మంది. ప్రభుత్వం వెనక ఉన్న సంస్థతో పోల్చి చూస్తే, బడి మానేసిన ఒక రైతుబిడ్డ ఎంత దూరం వచ్చాడో అర్థమవుతుంది.

అన్ని బండ్లు కొనడం డబ్బుతో అయ్యే పని. వాటిని రోజూ వేళకు నడిపించడం వేరే విద్య. ఆనాటి రోడ్లు దుమ్ము, గతుకులు. దుమ్ము ఇంజనులోకి చేరితే సిలిండరు అరిగిపోతుంది. ఎండలో రేడియేటరు నీళ్లు తుకతుక ఉడుకుతాయి. గతుకులకు కమాన్లు విరుగుతాయి. పెట్రోలు మసి పేరుకుని వాల్వులు సరిగా మూసుకోవు. చిన్న సామాను ఒకటి పోయినా సీమ నుంచి ఓడలో రావాలి. అది వచ్చేదాకా బండి షెడ్డులోనే పడుంటే ప్రయాణికుడు ఆగుతాడా? కాబట్టి ఉన్నదాన్ని బాగు చేసుకోవాలి, లేనిదాన్ని సొంతంగా తయారు చేసుకోవాలి. యు.ఎం.ఎస్. వర్క్‌షాపు ఈ అవసరంలో నుంచే ఎదిగింది. బండి ఆగిపోయాక విప్పడం అందరూ చేసేదే. ఆగకముందే జబ్బు కనిపెట్టాలన్నది నాయుడుగారి పద్ధతి. డాక్టరు నాడి చూసినట్టు ఇంజను అదురును బట్టి దాని లోపం పసిగట్టే పరీక్షా యంత్రాన్ని కూడా ఆయన రూపొందించారు.

ఇక్కడే మనం గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. నాయుడుగారి పేరు చెప్పగానే సన్నని క్షౌరపు బ్లేడు, రసంట్ అనే విద్యుత్ రేజరు, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, పండ్ల రసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం, ఇలా జాబితా చదువుతారు. భారతదేశపు ఎడిసన్ అని బిరుదు తగిలిస్తారు. కానీ ఈ ఆవిష్కరణలన్నిటికీ వేరు మరమ్మతులో ఉంది. ఒక వస్తువు ఎక్కడ విరుగుతుందో, ఎందుకు విరుగుతుందో వందసార్లు చూసినవాడికే అది విరగకుండా ఎలా చేయాలో తెలుస్తుంది. 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు అందింది. మిల్లులకూ, రైతు బావులకూ మోటార్లు కావలసి వచ్చాయి. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారును తయారు చేయించిన ఘనత ఆయనదే. నేటి కోయంబత్తూరు మోటార్లు, పంపులు దేశమంతటా పొలాల్లో నీళ్లు తోడుతున్నాయంటే దాని పునాదుల్లో ఆ వర్క్‌షాపు కూడా ఉంది. సేద్యం మీద మమకారమూ ఆయనను వదల్లేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటల మీద తమ తోటలో ప్రయోగాలు చేస్తే, వాటిని చూడడానికి సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి మహామహులు వచ్చారు.

1944లో మోటారు వ్యాపారం నుంచి తప్పుకుని విద్య మీద దృష్టి పెట్టారు. 1945లో ఆయన కృషి, విరాళాల ఫలితంగా, ఆనాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. బడి గడప సరిగా తొక్కనివాడు ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యాడు! అయితే ఆ పదవిలో ఎక్కువ కాలం ఇమడలేకపోయారు. నాలుగేళ్ల చదువు విద్యార్థుల కాలాన్ని వృథా చేస్తుందని, రెండేళ్లు చాలునని ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆ కళాశాలే తర్వాత కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది.

ఈ తగవులో ఎవరిది న్యాయం? మా లెక్చరర్లు ప్రభుత్వం పక్షాన నిలబడతారని తెలుసు. గణితం, పదార్థ బలం, ఉష్ణశాస్త్రం రెండేళ్లలో తలకెక్కవు, నిజమే. వంతెన కట్టేవాడు కూలిన తర్వాత నేర్చుకుంటానంటే కుదరదు. కానీ నాయుడుగారి ప్రశ్న ఇంకా అలాగే నిలిచి ఉంది. నాలుగేళ్లలో విద్యార్థి ఎన్ని గంటలు ఇంజను ముందు నిలబడుతున్నాడు? రికార్డు పుస్తకంలో బొమ్మ అందంగా గీసి మార్కులు తెచ్చుకున్నవాడు, దారిలో ట్రాక్టరు ఆగిపోతే బానెట్ ఎత్తి ఏం చూడాలో తెలియక నిలబడితే, ఆ లోపం ఎవరిది? ఏళ్ల లెక్క మీద ఆయనతో విభేదించవచ్చు. చేతి చదువు లేని చదువు సగమేనన్న మాటను మాత్రం కాదనలేం.

ఆయన జీవితమంతా విజయాలే కాదు. శాసనసభ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. 1952లో రెండు వేల రూపాయలకే అందేలా ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు రూపొందించారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో అది ఆగిపోయింది. సామాన్యుడి కారు అనే మాట మన దేశంలో మళ్లీ వినిపించడానికి చాలా ఏళ్లు పట్టింది. చేయగలిగిన చేతికి చేసే అవకాశం ఇవ్వకపోతే నష్టం ఆ ఒక్కడిది కాదు, దేశానిది.

1974 జనవరి 4న నాయుడుగారు కన్నుమూశారు. కోయంబత్తూరు వెళ్లినవారు ఆయన పేరుతో ఉన్న పారిశ్రామిక ప్రదర్శనశాలను చూడవచ్చు. 2015లో ఆ కుటుంబం వారే పాత కార్ల మ్యూజియం కూడా తెరిచారు. యంత్రానికి వయసు మీరినా విలువ తగ్గదని అక్కడికి వెళ్లిన విద్యార్థికి ఎవరూ చెప్పనక్కరలేదు.

సోదర విద్యార్థులారా! అంత దూరం వెళ్లలేనివారు సెలవుల్లో కందుకూరు వైపు బస్సెక్కండి. ఏదో ఒక షెడ్డులో పాత ట్రాక్టరు ఇంజను విప్పి పెట్టే ఉంటుంది. ఆ మెకానిక్కును గౌరవంగా అన్నా అని పిలిచి, పానా అందిస్తూ ఒక పూట పక్కన కూర్చోండి. మన పుస్తకంలో ఉన్న సూత్రం అతనికి చెప్పండి, అతని చేతిలో ఉన్న కిటుకు మీరు నేర్చుకోండి. జి.డి. నాయుడుగారు కోరిన కళాశాల అలాంటిదే.