డయాన్ ఫాసీ

డయాన్ ఫాసీ (జనవరి 16, 1932 - డిసెంబర్ 26, 1985) మధ్య ఆఫ్రికాలోని విరుంగా పర్వతాలలో పర్వత గొరిల్లాలను సుమారు పద్దెనిమిది సంవత్సరాలు అధ్యయనం చేసిన అమెరికన్ శాస్త్రవేత్త. భయంకర మృగాలుగా పేరుపడిన గొరిల్లాలు ప్రధానంగా ఆకులు, కాండాలు తింటూ కుటుంబాలుగా జీవించే శాంతజీవులని లోకానికి తెలిసిరావడంలో ఈమె పాత్ర పెద్దది.

తొలి జీవితం

ఫాసీ కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ ఫ్రాన్సిస్కోలో జన్మించింది. 1954లో శాన్ హోసే స్టేట్ కళాశాల నుండి ఆక్యుపేషనల్ థెరపీలో పట్టా పొంది, లూయివిల్ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో పనిచేసింది. 1963లో అప్పు చేసి ఆఫ్రికా యాత్రకు వెళ్ళింది. టాంజానియాలోని ఓల్డువై లోయలో మానవ పరిణామ శాస్త్రవేత్త లూయీ లీకీని కలుసుకున్నది, ఆ తరువాత కాంగోలోని మికెనో పర్వతంపై మొదటిసారి గొరిల్లాలను చూసింది. 1966లో లీకీ ఈమెను గొరిల్లాల పరిశోధనకు ఎంపిక చేశాడు. జేన్ గుడాల్‌ను చింపాంజీల అధ్యయనానికి పంపినది కూడా ఈయనే.

విరుంగా అడవి

పర్వత గొరిల్లాలు ప్రపంచంలో రెండే చోట్ల ఉన్నాయి. ఒకటి ర్వాండా, ఉగాండా, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రాల సరిహద్దులు కలిసే విరుంగా అగ్నిపర్వతాల అడవి. రెండవది దానికి ఉత్తరాన ఉగాండాలో ఉన్న బ్విండి అడవి. ఫాసీ జీవితమంతా మొదటి దానితో ముడిపడింది. అక్కడ దిగువ వాలుల్లో వెదురు పొదలు, వాటికి పైన నాచు వేలాడే హజీనియా వృక్షాలు, ఇంకా పైన ఎత్తైన లొబీలియా మొక్కలు పెరుగుతాయి. వర్షం, పొగమంచు, చలి సాధారణం. అడవి సెలెరీ, ముళ్ళమొక్కలు, దురదగొండి వంటి ఆకులు, వెదురు మొలకలు గొరిల్లాల ఆహారం. ఈ మొక్కల్లోనే నీరు సమృద్ధిగా ఉండడం వలన అవి విడిగా నీరు త్రాగడం అరుదు. ప్రతి సాయంత్రం కొమ్మలు, ఆకులు వంచి కొత్త పడక కట్టుకొంటాయి.

1967 ఆరంభంలో ఫాసీ మికెనో వాలుపై కబారాలో గుడారం వేసింది. కొన్ని నెలలకే కాంగోలో అంతర్యుద్ధం వలన ఆ చోటు విడిచి, ర్వాండా వైపుకు చేరింది. 1967 సెప్టెంబర్ 24న కరిసింబి, విసోకె పర్వతాల మధ్య సుమారు 3,000 మీటర్ల ఎత్తున పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ రెండు పేర్ల భాగాలు కలిపి దానికి కరిసోకె అని పేరు పెట్టింది.

అధ్యయనం

గొరిల్లాల వలె వంగి నడవడం, ఆకులు నమలడం, వాటి శబ్దాలను అనుకరించడం ద్వారా ఈమె వాటి భయం పోగొట్టింది. ముక్కుమీది ముడతలను బట్టి ఒక్కొక్క గొరిల్లాను గుర్తించేది. 1970లో పీనట్స్ అనే మగ గొరిల్లా తనంతట తాను ఈమె చేతిని తాకింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు కూడా పొందింది.

వేట, వివాదాలు

అడవి మాత్రం తరుగుతూ వచ్చింది. 1960ల చివరిలో ర్వాండా ప్రభుత్వం పార్కులోని దాదాపు ఐదింట రెండు వంతుల భూమిని, కీటకనాశిని తయారీకి పనికివచ్చే చామంతి జాతి పైరెత్రం సాగుకు కేటాయించింది. కొండ కింది పొలాలలో జనసాంద్రత చాలా ఎక్కువ, భూమి కొరత తీవ్రం. మిగిలిన అడవిలోకి పశువులు వచ్చేవి. జింకల కోసం పన్నిన ఉచ్చులలో గొరిల్లాల చేతులు, కాళ్ళు చిక్కుకొనేవి.

1977 డిసెంబర్ 31న ఫాసీకి అత్యంత ప్రియమైన డిజిట్ అనే మగ గొరిల్లా తన గుంపును తప్పించబోయి వేటగాళ్ళ ఈటెలకు బలైంది. దాని తల, చేతులు నరికివేశారు. తరువాత ఈమె ఆ పేరుతో ఒక నిధి ఏర్పరచి గస్తీ దళాలను నడిపింది. ఉచ్చులు ధ్వంసం చేయించింది, పశువులను తరిమింది. వేటగాళ్ళ పట్ల ఈమె ప్రవర్తించిన తీరు కఠినమైనది. దీనిపై తోటి శాస్త్రవేత్తల నుండి, అధికారుల నుండి విమర్శలు వచ్చాయి. పర్యాటకం ద్వారా స్థానికులకు ఆదాయం చూపాలన్న సంస్థల ఆలోచనను ఈమె ఇష్టపడలేదు. గొరిల్లాలకు రోగాలు సోకుతాయన్న ఈమె భయం మాత్రం నిరాధారం కాదు. నేడు సందర్శకులు వాటికి దూరంగా నిలబడాలనే నియమం ఉన్నది. అయితే పార్కు నిర్వహణకు ప్రధాన ఆదాయం తరువాతి కాలంలో ఆ పర్యాటకం నుండే వచ్చింది.

1983లో వెలువడిన ఈమె పుస్తకం గొరిల్లాస్ ఇన్ ది మిస్ట్ ప్రసిద్ధి పొందింది. 1988లో అదే పేరుతో చలనచిత్రం వచ్చింది.

మరణం, తరువాత

1985 డిసెంబరులో ఫాసీ కరిసోకెలోని తన గదిలో హత్యకు గురై కనబడింది. ఒక అమెరికన్ విద్యార్థిని అతడు దేశంలో లేని సమయంలోనే ర్వాండా న్యాయస్థానం దోషిగా నిర్ధారించింది. ఆ తీర్పును అనేకులు నమ్మలేదు. ఈమెను కరిసోకెలోనే, గొరిల్లాల సమాధుల మధ్య డిజిట్ ప్రక్కన ఖననం చేశారు.

1990లలోని యుద్ధంలో కేంద్రం భవనాలు నాశనమైనా పరిశోధన మరోచోట నుండి కొనసాగింది. 1981 గణనలో విరుంగాలో సుమారు 250 గొరిల్లాలు మాత్రమే ఉన్నట్లు తేలగా, 2015-16 గణనలో 604 లెక్కకు వచ్చాయి. 2018లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం పర్వత గొరిల్లాలను అతి తీవ్ర ప్రమాద జాబితా నుండి ఒక మెట్టు క్రిందికి, అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలోకి మార్చింది.